చెవులు తీసి కళ్లు పెట్టిన ఓడలు

ఓడలు బళ్లవుతాయి, బళ్లు ఓడలవుతాయి అని మన పెద్దలు ఊరికే అనలేదు. కాలచక్రం తిరిగితే మనుషులకే కాదు, ఓడలకు కూడా ఉద్యోగం మారుతుంది. రష్యా జలాంతర్గాముల అలికిడి వినడానికి పుట్టి, కొన్నేళ్లకే మత్తుమందుల దొంగలకు కాపలా కాసి, చివరకు తిమింగిలాలను లెక్కపెట్టే పనిలో కుదురుకున్న ఓడల కథ ఇది. వినడానికి వింతగా ఉన్నా ఇందులో మన ఇంటికి కూడా సంబంధించిన సంగతి ఒకటి ఉంది.

1980ల నాటి మాట. అమెరికా, రష్యా ఒకదాన్నొకటి నమ్మని రోజులు. అణ్వస్త్రాలు మోసే రష్యా జలాంతర్గాములు కడలి అడుగున ఏ మూల పొంచి ఉన్నాయో తెలియకపోతే అమెరికాకు నిద్ర పట్టేది కాదు. నీటి లోపల కంటిచూపు కొద్ది గజాలకే ఆగిపోతుంది. రేడియో తరంగాలూ అంతే. కాని శబ్దం మాత్రం నీటిలో వందల మైళ్లు పోతుంది. జలాంతర్గామి ఎంత నక్కి నడిచినా దాని లోపల పంపులు తిరగాలి, వెనక చక్రం నీటిని కొయ్యాలి. ఆ చప్పుడు పట్టుకోగలిగితే చాలు.

అందుకోసం అమెరికా 18 ఓడలు కట్టింది. వాటిలో మొదటిదాని పేరు ‘స్టాల్వార్ట్’. అది 1984లో పనిలోకి వచ్చింది. దాని పేరు మీదనే ఆ తరగతి అంతటికీ పేరు. ఒక్కొక్కటి 224 అడుగుల పొడవు. ఫిరంగులు లేవు, క్షిపణులు లేవు. నడిపేవాళ్లు కూడా సైనికులు కారు, జీతానికి కుదిరిన మామూలు నావికులు. ఓడ వెనకనుంచి మైలు పైచిలుకు పొడవున్న తాడు సముద్రంలోకి దిగేది. దాని చివర వరసగా నీటిలోని చప్పుళ్లు వినే మైకులు. పెద్ద పాముకు ఒళ్లంతా చెవులున్నాయనుకోండి, అదీ దాని రూపం.

ఆ తాడును లాగుతూ గంటకు మూడు నాటికల్ మైళ్లు, అంటే మనిషి నడిచినంత వేగంతో, నెలల తరబడి సముద్రం మీద తిరగడమే ఈ ఓడల పని. విన్నదంతా ఉపగ్రహం ద్వారా ఒడ్డున ఉన్న కార్యాలయానికి చేరేది. దాని అర్థం అక్కడివాళ్లు తేల్చేవారు. చలికాలంలో ఉత్తర అట్లాంటిక్ అలల మీద ఈ చిన్న ఓడలు ఊగిన ఊపుకు లోపలివారికి తిన్నది ఒంటబట్టేది కాదు. ఆ బాధ చూసే, తర్వాత కట్టిన ఓడలకు జంట కాళ్లలాంటి అడుగుభాగం పెట్టారు.

ఇంతలో 1991 డిసెంబరులో సోవియట్ యూనియనే లేకుండా పోయింది. శత్రువు చప్పుడు వినడానికి కూర్చున్న ఓడలకు వినవలసిన చప్పుడు తగ్గిపోయింది. కొత్త ఓడలు, బలమైన ఇంజన్లు, కాని పని లేదు. సర్కారు వారు వాటిని ఊరికే ఒడ్డున కట్టేసి ఉంచుతారా?

అప్పటికే అమెరికాను మరో బెడద పట్టి పీడిస్తోంది. అదే కొకెయిన్. దక్షిణ అమెరికాలోని కొలంబియానుంచి చిన్న చిన్న విమానాలు చీకటి పడ్డాక బయలుదేరేవి. దీపాలు ఆర్పుకుని కరీబియన్ సముద్రం మీదుగా అలలను రాసుకుంటూ ఎగిరేవి. బహమా దీవుల దగ్గర నీటిలోకి మూటలు జారవిడిచేవి. కాచుకుని ఉన్న వేగపు పడవలు ఆ మూటలు ఏరుకుని ఫ్లారిడా ఒడ్డుకు పరుగెత్తేవి. తెల్లవారేసరికి సరుకు ఊళ్లలో ఉండేది. పోలీసులు ఊళ్లో వెతికేలోపల అది చేతులు మారిపోయేది.

1988లో అమెరికా కాంగ్రెసు ఒక చట్టం చేసి, ఆకాశం మీదా సముద్రం మీదా వచ్చే మత్తుమందును కనిపెట్టి చూసే బాధ్యత రక్షణ శాఖకు అప్పగించింది. మరుసటి సంవత్సరం ఫ్లారిడా కొసన ఉన్న కీ వెస్ట్‌లో అందుకోసం ఒక కార్యస్థానం వెలిసింది. రష్యా బాంబర్లను కనిపెట్టడానికి కట్టిన దూరదృష్టి రాడార్లను సైతం దక్షిణంవైపు తిప్పారు. అదే వరసలో మన ఓడలకు కూడా పిలుపు వచ్చింది.

స్టాల్వార్ట్, ఇండామిటబుల్, కేపబుల్ అనే మూడు ఓడలను ఈ పనికి మార్చారు. మొదట నీటిలోకి దిగే ఆ పొడుగాటి తాడును తీసేశారు. దాని బదులు ఆకాశాన్ని వెతికే పెద్ద రాడారును ఎత్తున అమర్చారు. యుద్ధనౌకల మీద ఉండే రాడారు అది. ఎత్తున ఎగిరే విమానాన్ని రెండు వందల మైళ్లకు పైగా దూరంనుంచే పసిగడుతుంది. సందేశాలు పంపే కొత్త సాధనాలు, వాటిని చూసుకునే మనుషులు కూడా వచ్చారు. క్లుప్తంగా చెప్పాలంటే చెవులు తీసి కళ్లు పెట్టారు.

ఇలాంటి ఓడ దొంగను ఎలా పట్టుకుంటుందని పాఠకులు అడగవచ్చు. నిజానికి పట్టుకోదు. ఈ ఓడ ఎంత ఉరికినా గంటకు 11 నాటికల్ మైళ్లే. దొంగల పడవ 40 మైళ్ల పైన దూసుకుపోతుంది. విమానం సంగతి చెప్పనే అక్కర్లేదు. మన వీధిలో రాత్రిపూట గూర్ఖా ఈల వేసుకుంటూ తిరుగుతాడు చూడండి. దొంగ వెంట పరుగెత్తి కుస్తీ పట్టడం అతని పని కాదు. దొంగ వచ్చాడని లేపడం అతని పని. ఈ ఓడ చేసేదీ అదే. దారి తప్పిన విమానం గుర్తు రాడారులో పడగానే కీ వెస్ట్‌కు కబురు వెళ్తుంది. అక్కడినుంచి గస్తీ విమానం లేస్తుంది, తీరరక్షక దళం పడవ కదులుతుంది.

దీనికి మరో కారణం కూడా ఉంది. సైన్యం చేత స్వదేశంలో పోలీసు పని చేయించరాదని 1878 నాటి అమెరికా చట్టం ఒకటి ఉంది. ఆ నియమాన్ని నౌకాదళం కూడా పాటిస్తుంది. అందువల్ల నౌకాదళం కళ్లతో చూడవచ్చు గాని చేత్తో పట్టుకోరాదు. సోదా చేసి సంకెళ్లు వేసే అధికారం తీరరక్షక దళానిదే. అందుకే ఆ దళంవారిని కొందరిని నౌకాదళం ఓడల మీద వెంట తీసుకువెళ్లేవారు. 1999 నాటినుంచి తీరరక్షకులు హెలికాప్టరు మీదనుంచి ముందు హెచ్చరికగా కాల్చి, అప్పటికీ ఆగకపోతే పడవ ఇంజనుకు గురిపెట్టి కొట్టడం మొదలుపెట్టారు. మనిషికి గాయం కాకుండా పడవను ఆపడమే వారి ఎత్తు.

మరి ఇంత కాపలా పెడితే దొంగతనం ఆగిందా? కరీబియన్ మీద నిఘా బిగిసేకొద్దీ సరుకు మెక్సికోవైపు మళ్లింది. పసిఫిక్ దారి పట్టింది. గాలి నింపిన బుడగను ఇక్కడ నొక్కితే అక్కడ ఉబ్బుతుంది కదా! టన్నులకొద్దీ సరుకు పట్టుబడిన మాట నిజం. అయినా 1980ల మొదట్లో కంటే 1990ల చివర అమెరికా వీధుల్లో కొకెయిన్ ధర తగ్గింది. దొరకని సరుకు అయితే ధర పెరగాలి. తగ్గిందంటే దాని భావం వేరే చెప్పాలా?

ఇక ఈ కథలో అన్నిటికంటే చోద్యమైన మలుపు తర్వాత వచ్చింది. ఈ మూడు ఓడలు 2002, 2004 సంవత్సరాల మధ్య నౌకాదళం కొలువు వదిలాయి. 2006 నవంబరులో కోస్టారికా దగ్గర పసిఫిక్‌లో తీరరక్షకులకు ఒక విచిత్రమైన పడవ చిక్కింది. ఒళ్లంతా నీటిలో మునిగి, పైకి ఊపిరి గొట్టాలు మాత్రమే కనబడుతున్నాయి. లోపల నలుగురు మనుషులు, మూడు టన్నుల కొకెయిన్. కొలంబియా మడ అడవుల్లో చెక్కతోనూ ఫైబర్ గ్లాసుతోనూ రహస్యంగా కట్టే పడవలివి. సముద్రపు రంగు పులుముకుంటాయి. నీటి పైన జానెడు ఎత్తు కూడా కనబడవు గనుక రాడారుకు సులభంగా చిక్కవు. పట్టుబడే సమయానికి మీట తిప్పి పడవను ముంచేస్తారు, సాక్ష్యం సముద్రం పాలు. అందుకే ఏ దేశపు జెండా లేకుండా అటువంటి పడవ నడపడమే నేరమని 2008లో అమెరికా చట్టం చేసింది. 2010లో ఈక్వడార్ అడవిలో పూర్తిగా నీట మునిగి పోగల నిజమైన జలాంతర్గామే దొరికింది.

జలాంతర్గాముల కోసం కట్టిన ఓడకు చెవులు తీసి, విమానాల కోసం కళ్లు పెట్టారు. ఆ తర్వాత దొంగలు విమానం దిగి నీటి కిందికి దూరారు! ఆ చెవులు ఉంచితే దొంగలంతా దొరికిపోయేవారని చెప్పడం కాదు. కాపలావాడు ఒక తలుపు దగ్గర నిలబడితే దొంగ మరో తలుపు చూసుకుంటాడు. లోపల కొనేవాడు డబ్బు పట్టుకుని కూర్చున్నంతకాలం ఆ వెతుకులాట ఆగదు.

ఆ పడవల్లో దొరికేది ఎవరనుకున్నారు? మేడల్లో ఉండే ముఠా నాయకులు కారు. తరచుగా దొరికేది కొలంబియా, ఈక్వడార్ తీరాల బీద బెస్తలు. వల వేస్తే రాని డబ్బు ఒక్క ప్రయాణంతో వస్తుందని ఆశ పడినవాళ్లు. డీజిలు పొగలో రోజుల తరబడి ముడుచుకు కూర్చుని, పట్టుబడితే పరాయి దేశపు జైల్లో ఏళ్లు గడపాలి. ఇంటి దగ్గర భార్యాపిల్లలు ఎదురు చూస్తూనే ఉంటారు. పోయిన సరుకు బదులు మరో సరుకు, పోయిన మనిషి బదులు మరో మనిషి యజమానికి దొరుకుతారు.

ఇది ఎక్కడో అమెరికా గొడవ అని మనం కళ్లు మూసుకోవడానికి వీలు లేదు. 2021 సెప్టెంబరులో గుజరాత్‌లోని ముంద్రా రేవులో రెండు కంటెయినర్లలో సుమారు 3,000 కిలోల హెరాయిన్ పట్టుబడింది. సుద్దరాయి అని రాసి ఆఫ్గనిస్తాన్ సరుకుగా ఇరాన్ మీదుగా పంపారు. దిగుమతి కాగితాల మీది చిరునామా మన విజయవాడది! 2025 మార్చి 31న పశ్చిమ హిందూ మహాసముద్రంలో మన యుద్ధనౌక ‘తర్కష్’ ఒక పడవను ఆపి 2,500 కిలోలకు పైగా మత్తుమందు స్వాధీనం చేసుకుంది. ఆ పడవలను అనుమానించి కబురు చెప్పింది మన నౌకాదళపు పి-8ఐ విమానం. దాన్ని కొన్నది ముఖ్యంగా జలాంతర్గాములను వేటాడటానికే. అంటే అదే కథ మన ముంగిట్లో నడుస్తున్నదన్నమాట.

మన మూడు ఓడలు చివరకు ఏమయ్యాయో చెప్పాలి కదా. స్టాల్వార్ట్ న్యూయార్క్‌లోని నావికా కళాశాలకు చేరింది. ఇండామిటబుల్ 2003లో ‘మెకార్థర్ 2’ అనే పేరు పెట్టుకుని తిమింగిలాలను, డాల్ఫిన్లను లెక్కపెట్టే శాస్త్రజ్ఞులను మోసింది. కేపబుల్ 2008లో ‘ఓకియానోస్ ఎక్స్‌ప్లోరర్’ అయింది. 2010లో ఇండోనేషియా సముద్రంలో కావియో బరాత్ అనే అగ్నిపర్వతాన్ని నీటి అడుగున పరిశీలించింది. అది పంపే చిత్రాలను ఇళ్లలో కూర్చున్న పిల్లలు సైతం అప్పటికప్పుడే చూడగలుగుతున్నారు. ఒకనాడు తాను విన్నది గుప్పిట్లో దాచుకున్న ఓడే ఈనాడు చూసినదంతా లోకానికి పంచిపెడుతున్నది.

ఆ ఓడకు మూడు ఉద్యోగాలు. మొదటి రెండూ భయం ఇచ్చినవి, మూడోది కుతూహలం ఇచ్చింది. సముద్రం మీద కాపలా ఉండవలసిందే. కాని ఏ రాడారూ మన వీధి గుమ్మం దాకా రాదు. పిల్లవాడు చీకటి పడ్డాక ఇల్లు చేరే వేళ మారినప్పుడు, డబ్బు అడిగే తీరు మారినప్పుడు, కళ్లలో కళ తప్పినప్పుడు మొదట గమనించవలసింది తల్లీ తండ్రీ. అరవకుండా, తరమకుండా పక్కన కూర్చోబెట్టుకుని అడగవలసిందీ వారే. కడలి మీది ఓడకు చెవులు తీసి కళ్లు పెట్టారు. ఇంట్లో మాత్రం రెండూ ఉండాలి.