టైర్ల గాలియు హెచ్చరిక దీపమును

మార్కాపురము, గిద్దలూరు ప్రాంతముల సభ్యులలో కార్లు గలవారికి ఈ నాలుగు మాటలు. క్రొత్త కార్లు పెక్కింటిలో టైరునందు గాలి తగ్గినచో పసుపుపచ్చని దీపము వెలుగును. గుఱ్ఱపు నాడావంటి గీత, నడుమ ఆశ్చర్యార్థకము దాని గుర్తు.

దీపము వెలుగలేదు గనుక గాలి సరిగా నున్నదని నమ్మరాదు. అమెరికా దేశపు నిబంధనప్రకారము గాలి నాలుగవ వంతు తగ్గునప్పటికి వెలిగిన చాలును. అనగా 33 పౌనులుండవలసిన టైరు సుమారు 25కు దిగువరకు దీపము ఊరకుండవచ్చును. ఆ గాలితో, నిండు బరువుతో, నల్లమల కనుమ దాటి నంద్యాలకు పోవువారి టైరు ప్రక్కలు నలిగి, వేడెక్కి, పగులవచ్చును.

కావున నెలకొకమారైనను, దూరప్రయాణమునకు ముందును, ఉదయమున బండి కదలకమునుపే గేజితో చూడవలెను. ఉండవలసిన లెక్క డ్రైవరు తలుపుచెంతనున్న చీటిపై గలదు. ఎండలో నడచివచ్చిన టైరున గాలి లెక్క హెచ్చుట సహజము. సుమారు 6 డిగ్రీల వేడికి ఒక పౌను. దానిని జూచి గాలి తీసినచో మరునాడు తక్కువగును.

దీపము ఒక నిమిషము మినుకుమని పిదప నిలుకడగా వెలిగినచో లోపము గాలిలో గాదు, యంత్రములోనే. చక్రములోని సెన్సారు బ్యాటరీ 5 మొదలు 10 ఏండ్లు వచ్చును. తరువాత సాధారణముగా సెన్సారునే మార్చవలెను. టైరు ఊడదీయువానికి అది యున్నదని ముందే చెప్పుడు. ఇనుపకడ్డీ తగిలిన విఱుగును.

మఱియొకటి. 2020 సంవత్సరపు కేంద్ర సవరణచే, ఈ యేర్పాటును పంక్చరు సామగ్రియు గల చిన్నకార్లకు స్టెప్నీ తప్పనిసరి గాదు. కొనునప్పుడే వెనుక మూత యెత్తి చూచుకొనుడు.