పాల వ్యాను జాడ చెప్పే పరికరం – సంఘ సభ్యులు తెలుసుకోవలసిన సంగతులు

ఇటీవల పాలు చేరవేసే వ్యాన్లకు, ట్యాంకర్లకు జాడ తెలిపే పరికరాలు అమర్చటం ఎక్కువైంది. కొన్ని సంఘాలలో కార్యదర్శులు సెల్‌ఫోనులోనే వ్యాను ఎంత దూరంలో ఉన్నదీ చూసుకుంటున్నారు. మహాజన సభలలో సభ్యులు దీనిని గురించి రకరకాల ప్రశ్నలు వేస్తున్నారు. "ఉపగ్రహం మన వ్యానును చూస్తుందా? దానికి అద్దె కట్టాలా? డ్రైవరు వైరు పీకేస్తే ఏమవుతుంది? దీనివల్ల మన పాల బిల్లుకు ఒరిగేదేమిటి?" ఇవన్నీ న్యాయమైన ప్రశ్నలే. రవాణా ఖర్చు ఎవరి పద్దులో చూపినా, చివరకు అది సభ్యుని లీటరు ధరలో నుండే పోతుంది గనుక సంగతి అర్థమయ్యేట్లు వివరించటం అవసరం.

సమయానికి, పాలకు గల సంబంధం

పొదుగు నుండి వచ్చిన పాలు సుమారు 37 డిగ్రీల సెల్సియస్ వేడిమి కలిగి ఉంటాయి. అప్పుడే పితికిన పాలలో సూక్ష్మజీవులను అడ్డుకునే శక్తి స్వతహాగా కొంత ఉంటుంది గాని అది కొద్ది గంటలు మాత్రమే. అది తగ్గిన తరువాత, మన వేసవి వేడిలో కొన్ని రకాల సూక్ష్మజీవులు 20 నుండి 30 నిమిషాలకు ఒకసారి రెట్టింపు అవుతాయి. అరగంట లెక్కనే తీసుకున్నా, రెండు గంటల ఆలస్యంలో ఒకటి 16 అవుతుంది. 20 నిమిషాల లెక్కన అయితే 64 అవుతుంది. పాలను 4 డిగ్రీలకు చల్లబరిస్తే ఈ పెరుగుదల చాలావరకు ఆగుతుంది. క్యాన్లలో వచ్చే పాలకు శీతలీకరణ కేంద్రం చేరేవరకు ఆ రక్షణ లేదు. బల్క్ కూలరు ఉన్న గ్రామాలలో పరిస్థితి మెరుగు. అక్కడ నుండి ట్యాంకరులో పోయే పాల విషయంలో చూడవలసినది దారిలో వేడిమి పెరిగిందా, మూత తెరుచుకుందా అన్నది.

వ్యాను తన జాడ ఎలా తెలుసుకుంటుంది?

ఉపగ్రహం మన వ్యానును చూస్తుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఉపగ్రహాలు రేడియో సంకేతాల ద్వారా "నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు సమయం ఇంత" అని నిరంతరం చాటుతూ ఉంటాయి. వ్యానులోని పరికరం ఆకాశవాణి రేడియో సెట్టు మాదిరిగా వాటిని వింటుంది. ఉపగ్రహానికి తిరిగి ఏమీ పంపదు. కాబట్టి ఉపగ్రహానికి అద్దె ఏమీ లేదు.

అమెరికా వారి జి.పి.ఎస్. ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. సంకేతం సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో వస్తుంది. అది ఎంత సేపటిలో చేరిందో లెక్కగడితే ఆ ఉపగ్రహం ఎంత దూరంలో ఉన్నదీ తెలుస్తుంది. కనీసం నాలుగు ఉపగ్రహాల దూరాలు తెలిస్తే వ్యాను ఉన్న చోటు, సరైన సమయం రెండూ తేలిపోతాయి. సెకనులో వెయ్యో వంతు పొరపాటు జరిగినా దూరంలో 300 కిలోమీటర్ల తేడా వస్తుంది. అందుకే ఆ ఉపగ్రహాలలో అణు గడియారాలు ఉంటాయి. మన దేశం కూడా నావిక్ అనే స్వంత ఏర్పాటు చేసుకున్నది. దాని మొదటి ఉపగ్రహాన్ని 2013 జులై 1న, కొత్త తరంలో మొదటిదైన ఎన్.వి.ఎస్.-01ను 2023 మే 29న మన శ్రీహరికోట నుండే ప్రయోగించారు.

కేంద్రానికి కబురు ఎలా చేరుతుంది?

జాడ తెలుసుకున్న పరికరం ఆ సంగతిని సెల్‌ఫోను టవరు ద్వారా కేంద్ర కంప్యూటరుకు పంపుతుంది. దానిలో ఒక సిమ్ కార్డు ఉంటుంది. మనుషులు మాట్లాడుకునే సిమ్‌కు 10 అంకెలు ఉండగా, యంత్రాలు మాట్లాడుకునే సిమ్‌కు 13 అంకెల నంబరు ఇచ్చే పద్ధతి 2018లో వచ్చింది. నెలనెలా చెల్లించవలసిన సొమ్ము ఈ సిమ్‌కు, కంప్యూటరు సేవకు మాత్రమే.

ప్రతి కబురులో పరికరం గుర్తింపు సంఖ్య, తేదీ, సమయం, అక్షాంశ రేఖాంశాలు, వేగం, ఇంజను నడుస్తున్నదా ఆగిందా అన్న వివరాలు ఉంటాయి. ట్యాంకరుకు వేడిమి కొలిచే సాధనం, మూతకు స్విచ్చి అమర్చితే అవి కూడా చేరతాయి. నల్లమల అడవి అంచున టవరు అందని చోట్ల పరికరం కబుర్లను తనలో దాచుకొని, టవరు అందగానే వరుసగా పంపుతుంది. కాబట్టి ఫోనులో వ్యాను గంటసేపు కదలకుండా కనిపించినంత మాత్రాన అది ఆగిపోయిందని అనుకోరాదు. వైరు పీకేసినట్లయితే, లోపల చిన్న బ్యాటరీ గల పరికరం "కరెంటు తెగింది" అన్న కబురును పంపుతుంది.

ప్రయాణీకుల బస్సులు, టాక్సీలు మొదలైన వాటికి ఇటువంటి పరికరం, ఆపద బొత్తాము ఉండాలని కేంద్ర ప్రభుత్వం 2016లో నిబంధన చేసింది. 2019 జనవరి 1 తరువాత రిజిస్టరయ్యే కొత్త వాహనాలకు అది అమలులోకి వచ్చింది. ఆ పరికరాల ప్రమాణాన్ని ఎ.ఐ.ఎస్.-140 అంటారు. మన ఆర్.టి.సి. బస్సు ఎక్కడున్నదో సెల్‌ఫోనులో చూపే ఏర్పాటు కూడా ఈ పద్ధతి మీదనే పనిచేస్తుంది. పాల వ్యాను సరుకు వాహనం గనుక ఆ నిబంధన దానికి వర్తించదు. అందువల్ల మన వ్యాన్లకు పరికరం కావాలంటే రవాణా ఒప్పందంలోనే వ్రాసుకోవాలి.

టోల్ గేటు, రవాణా శాఖ రికార్డులు

జాతీయ రహదారి 16 మీద ఒంగోలుకు ఉత్తరాన బొల్లాపల్లి వద్ద, దక్షిణాన టంగుటూరు వద్ద టోల్ గేట్లు ఉన్నవి. 2021 ఫిబ్రవరి నుండి అన్ని గేట్ల వద్ద ఫాస్టాగ్ తప్పనిసరి. అద్దానికి అంటించే ఆ చీటీలో బ్యాటరీ లేదు. గేటు పైనున్న యంత్రం పంపే రేడియో శక్తితోనే అది మేల్కొని తన నంబరు చెబుతుంది. ఆ నంబరు బ్యాంకుకు చేరి రుసుము మినహాయింపు అవుతుంది. ఖాతాలో డబ్బు లేకుంటే అదనపు రుసుము, అంతకు మించి ఆలస్యం. ఫాస్టాగ్ దారి పొడుగునా జాడ చెప్పలేదు. గేటు దాటిన నిమిషం మాత్రం దాని రికార్డులో నిలుస్తుంది. ట్యాంకరు సమయం గురించి వివాదం వచ్చినప్పుడు ఇది రెండవ సాక్ష్యం.

ఇక వాహన్ అనేది రవాణా శాఖల రికార్డుల కంప్యూటరు. ఎం-పరివాహన్ అనే సెల్‌ఫోను ఏర్పాటులో బండి నంబరు కొట్టి ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు గడువులు చూడవచ్చును. కాంట్రాక్టరు బండి పెట్టేముందు కార్యదర్శి ఈ పని తప్పక చేయాలి. రోడ్డు మీది కెమెరాలు నంబరు పలక చదివి వేసే జరిమానాలు కూడా ఆ నంబరు మీదనే నమోదవుతాయి. విదేశాలలో ముందు బండి బ్రేకు వేస్తే వెనుక బండికి నేరుగా రేడియో కబురు అందే పద్ధతులు కూడా వచ్చాయి. మన పాల రూట్లకు ప్రస్తుతం అవసరమైనది అది కాదు.

ఒక ఉదాహరణ

ఒక సంఘంలో వ్యాను ఉదయం 7-15కు రావాలనుకుందాం. ఒకనాడు ఆ సంఘం పాలు శీతలీకరణ కేంద్రానికి 9-00 బదులు 10-20కి చేరాయి. 80 లీటర్లు పులిసినట్లు తేలింది. లీటరు 40 రూపాయల లెక్కన 3,200 రూపాయలు సంఘానికి కోత పడింది. కాంట్రాక్టరు "సంఘం వారు పాల సేకరణ ముగించలేదు, వ్యాను కాచుకొని ఉన్నది" అన్నాడు. కార్యదర్శి "వ్యానే ఆలస్యంగా వచ్చింది" అన్నాడు. పూర్వమైతే గట్టిగా మాట్లాడినవారిది పైచేయి, కోత భరించేది సభ్యులు.

జాడ రికార్డు తీస్తే వ్యాను 5-30కి బదులు 6-50కి బయలుదేరిందని, సంఘం వద్దకు 8-35కు వచ్చిందని, మిగిలిన దారిలో ఆలస్యం లేదని కనిపించిందనుకోండి. ఆ 80 నిమిషాలు కాంట్రాక్టరువే గనుక కోత అతని బిల్లులో పడాలి. అలాగాక వ్యాను 7-15కే వచ్చి 8-35 వరకు సంఘం ముందు నిలిచి ఉన్నట్లు రికార్డు చూపితే తప్పు సంఘానిదే. అప్పుడు పాలకవర్గం తన సేకరణ వేళలు సరిదిద్దుకోవాలి. రికార్డు మనకు అనుకూలమైనప్పుడు ఒప్పుకొని, కానప్పుడు తోసివేయటం కుదరదు.

తనిఖీలో మేము చూసే ముఖ్యమైన విషయం ఇదే: సంఘం ట్రక్ షీటులోని సమయం, వ్యాను రికార్డులోని సమయం, కేంద్రం రసీదులోని సమయం ఒకదానితో ఒకటి పొసగాలి. చాలా ట్రక్ షీట్లలో సమయం గడి ఖాళీగా ఉంటుంది. ఆ గడి ఖాళీగా వదిలిన సంఘానికి ఎంత మంచి పరికరమైనా పూర్తిగా సాయపడలేదు.

పరికరం చెప్పలేని విషయాలు

వ్యాను ఎక్కడ ఆగిందో తెలుస్తుంది గాని ఎందుకు ఆగిందో తెలియదు. పంక్చరు కావచ్చు, రైలు గేటు కావచ్చు. కాబట్టి ముందుగా డ్రైవరును అడిగి, అతని మాట కూడా వ్రాసుకోవాలి. పాలలో నీళ్లు కలిసినదీ లేనిదీ జాడ పరికరం చెప్పదు. దానికి సీలు, మూత స్విచ్చి, పాల పరీక్ష ఉండవలసిందే. నిలిపి ఉంచిన బండి కూడా కొద్దికొద్దిగా కదిలినట్లు ఒక్కొక్కప్పుడు రికార్డు చూపుతుంది. అందువల్ల కిలోమీటర్ల లెక్కలో మీటరుకు, పరికరానికి కొద్ది తేడా సహజం. నెలంతా ఒకేవైపు పెద్ద తేడా వస్తే మాత్రం విచారించాలి.

ఒప్పందంలో వ్రాసుకోవలసినవి

1. పరికరం ఖరీదు, సిమ్ ఖర్చు ఎవరు భరించాలి.

2. రూటులోని ప్రతి సంఘం కార్యదర్శికి వ్యాను జాడ చూసుకునే వీలు.

3. రికార్డును ఎన్ని నెలలు దాచాలి, అడిగిన ఎన్ని రోజులలో నకలు ఇవ్వాలి. పరికరం అమ్మిన కంపెనీని మార్చినా పాత రికార్డు మనకు దక్కాలి.

4. ఎంత ఆలస్యానికి పులిసిన పాల కోత కాంట్రాక్టరుపై పడుతుంది, ఎప్పుడు సంఘంపై పడుతుంది.

5. పరికరం పనిచేయని రోజున చేతి వ్రాత ట్రిప్ షీటు తప్పనిసరి.

6. ట్యాంకరులో వేడిమి కొలిచే సాధనాన్ని సరైన థర్మామీటరుతో ఎప్పటికప్పుడు సరిచూడటం.

7. పరికరం ఉన్నదని డ్రైవరుకు ముందే చెప్పటం, పని వేళల రికార్డును పాల పనికే వాడటం. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో పార్లమెంటు చట్టం చేసిన సంగతి పాలకవర్గాలు గుర్తుంచుకోవాలి.

రానున్న వేసవిలోపు ప్రతి పాలకవర్గం తమ రూటు ఒప్పందాన్ని బయటకు తీసి, పై అంశాలలో ఎన్ని ఉన్నవో, ఎన్ని లేవో సమావేశంలో చదివించి తీర్మానం చేయాలి. సభ్యులు కూడా మహాజన సభలో పులిసిన పాల కోత వివరాలను తేదీలవారీగా, కారణంతో సహా అడగాలి. తెల్లవారుజామున లేచి పితికిన పాలకు న్యాయమైన లెక్క అడగటం సభ్యుని హక్కు, చూపటం సంఘం విధి.