బీరకాయకు లెక్క, సీతాఫలానికి మాఫీ

గత అక్టోబరులో ఒక ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత, రామాయంపేటలో మాకు అక్క వరస అయ్యే ఒక సహోదరి ఇంటికి మేమిద్దరం భోజనానికి వెళ్లాము. అది సీతాఫలాల కాలం. వాకిట్లోనే గంప ఉంది. లోపల పీట మీద అన్నం, పప్పుచారు, బీరకాయ కూర, మామిడికాయ తొక్కు పెట్టింది అక్క. మాకు కూర బాగానే వడ్డించింది గాని తన కంచంలో మాత్రం వేసుకోలేదు. అన్నంలో ఇంత తొక్కు కలుపుకొని తినసాగింది.

"కూర వేసుకోలేదేమక్కా?" అని మా ఆవిడ అడిగింది.

"గా కూర నూటరవై అంట మరదలా. నాకు దినానికి పన్నెండు వందలే. అన్నం మానలేను, కూర మానిన" అన్నది అక్క.

విషయమేమిటంటే, మోకాళ్ల నొప్పులకు డాక్టరుగారు ఎనిమిది కిలోలు తగ్గమన్నారు. హైదరాబాదులో చదువుకునే కూతురు అమ్మ ఫోనులో కేలరీల లెక్క చూసే యాప్ ఒకటి పెట్టిచ్చింది, చిన్న త్రాసు కూడా కొనిచ్చింది. అక్క ఒక నోటుపుస్తకంలో రోజూ రాసుకుంటున్నది. రెండు నెలల్లో తగ్గింది ఒక కిలో. మలబద్ధకం మొదలైంది. నీరసంగా ఉందని రక్తపరీక్ష చేయిస్తే హెమోగ్లోబిన్ తొమ్మిదికి దిగి ఉంది. "ఆకుకూరలు తింటున్నారా?" అని డాక్టరుగారు అడిగితే అక్కకు జవాబు దొరకలేదట. నోటుపుస్తకం తీసి చూశాము. ఆగస్టు నెలలో తోటకూర పప్పు, పుంటికూర, బెండకాయ అన్నీ ఉన్నాయి. సెప్టెంబరు వచ్చేసరికి ఒక్కొక్కటే కొట్టివేసి ఉన్నాయి. లెక్క దాటిన రోజున అందరికన్నా ముందు బయటికి పోయింది కూరే.

బావ సంగతి దీనికి తారుమారు. ఆయనకు షుగరు ఉంది. "రాత్రిపూట అన్నం బంద్ పెట్టిన తమ్మీ, వట్టి పండ్లే తింటున్న" అని సంతోషంగా చెప్పాడు. వట్టి పండ్లంటే ఏమిటయ్యా అంటే, గంపలో నుంచి ఐదారు సీతాఫలాలు. "పండుకు లెక్కేంది? చెట్టుది కదా!"

ఆ ఇంట్లో ఇద్దరూ బుద్ధిగా పథ్యం చేస్తున్నవారే. ఒకరు బీరకాయకు లెక్క కట్టి మానుకున్నారు, ఒకరు సీతాఫలానికి లెక్క కట్టక తింటున్నారు. బరువు తగ్గాలనుకునే వారిలో ఈ సందేహం మన సంఘాలలో చాలామందికి ఉన్నది. పండ్లు, కూరగాయల కేలరీలు లెక్కలో వేసుకోవాలా, అక్కరలేదా? ఆ సాయంత్రం అక్క కూతురు కొనిచ్చిన త్రాసు ముందు పెట్టుకొని కూర్చున్నాము.

ముందు ఆ నూటరవై ఎక్కడిదో చూద్దామన్నాము. ముగ్గురి కోసం అక్క అరకిలో బీరకాయ వండింది. చెక్కు తీస్తే నాలుగు వందల గ్రాములు. నూరు గ్రాముల బీరకాయలో ఉండేది 17 కేలరీలు. అంటే మొత్తం కాయకు 68. ఒక ఉల్లిగడ్డ, దానికి 50. ఇక మంచినూనె. అక్క గంటెతో ఎంత పోస్తుందో అంతే గిన్నెలో పోయించి తూచాము. నలభై గ్రాములు వచ్చింది. నూనె ఏదైనా సరే, వేరుశనగ అయినా పొద్దుతిరుగుడు అయినా, గ్రాముకు 9 కేలరీలు. నలభైకి 360. అన్నీ కలిపితే 478, ముగ్గురికి పంచితే మనిషికి నూటరవై. యాప్ అబద్ధం చెప్పలేదు. కాని ఆ నూటరవైలో నూట ఇరవై నూనెది. బీరకాయది ఇరవైమూడు. నేరం నూనె చేస్తే ఇంటి నుంచి వెళ్లగొట్టబడినది బీరకాయ!

పైగా కూరకు బదులు తిన్న తొక్కులో తేలే నూనెను అక్క పుస్తకంలో రాయనే లేదు. తొక్కుకు లెక్క ఎవరు రాస్తారు?

ఈ అంకెలు మేము కల్పించినవి కావు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వారి పుస్తకంలోవి. ఆ సంస్థ 1918లో కూనూరులో మెకారిసన్ అనే వైద్యుని చేతుల్లో బెరిబెరి వ్యాధి పరిశోధనగా మొదలై, 1958లో హైదరాబాదుకు వచ్చింది. కూనూరులో ఉన్నప్పుడే 1937లో ఐక్రాయిడ్ అనే ఆయన మన దేశపు తిండి వస్తువులలో ఏది ఎంత బలమిస్తుందో పట్టికగా వేశారు. 1971లో గోపాలన్, రామశాస్త్రి, బాలసుబ్రమణియన్ గార్లు దానిని పెంచి వేసిన పుస్తకం ఇప్పటికీ చాలా ఇళ్లలో, ఆసుపత్రులలో కనబడుతుంది. 2017లో 528 ఆహారాలతో కొత్త పట్టికలు వచ్చాయి గాని, వాటిలో శక్తిని కిలోజౌళ్లలో ఇచ్చారు. కేలరీలు కావాలంటే 4.184తో భాగించాలి. అక్కకు అది చెప్పబోతే చేతులు జోడించింది. అందుకే పాత పుస్తకం అంకెలే ఇక్కడ ఇస్తున్నాము.

ఒక మాట గమనించండి. ఐక్రాయిడ్ ఆ పట్టికలు వేసింది సన్నబడాలనుకునే వారికి కాదు, చాలీచాలని తిండి తినే పేదలకు తక్కువ ఖర్చులో సరిపడా తిండి ఎలా సమకూర్చాలో చూడడానికి. మన ప్రాంతానికి ఆ ఆకలి కొత్త కాదు. 1924లో ప్రతిష్ఠించిన మెదకు గుడి కట్టడం కరువు నాటి జనానికి పనీ అన్నమూ అయ్యిందని మన పెద్దలు చెప్పుకుంటారు. ఆకలి తీర్చడానికి వేసిన లెక్కతో ఈనాడు మనం కూరను కంచంలో నుంచి తీసివేస్తున్నాము.

అసలు కేలరీ అంటే వేడికి కొలత. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చేసేంత శక్తి అన్నమాట. 1890లలో అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో ఆట్‌వాటర్ అనే శాస్త్రజ్ఞుడు మనుషులను ఒక చిన్న గదిలో ఉంచి, తిన్నదెంత, వేడిగా వెలువడినదెంత, మలంలో పోయినదెంత అని రోజుల తరబడి కొలిచాడు. (ఈయన మెథడిస్టు బోధకుని కుమారుడు. మెదకుకు వచ్చిన మిషను కూడా వెస్లియన్లదే కనుక ఈ మాట రాయకుండా ఉండలేకపోయాము.) పిండిపదార్థం గ్రాముకు 4, మాంసకృత్తులు 4, కొవ్వు 9 అనే లెక్క అక్కడిదే. ఇది సగటు లెక్క. నీరు, పీచు ఎక్కువగా ఉన్న ఆకుకూర దగ్గర ఆ పదీ పరకా కేలరీలు పట్టుకొని పోట్లాడడం, బియ్యం బస్తాను ఎత్తే కాటా మీద తులం బంగారం తూచినట్లే. సొరకాయలో నూరు గ్రాములకు 12, దోసకాయలో 13, టమాటాలో 20, వంకాయలో 24, పాలకూరలో 26, బెండకాయలో 35. కడుపునిండా తిన్నా ఇవి వందకు చేరడం కష్టం. వీటికి లెక్క రాయనక్కరలేదని మేము గట్టిగానే చెబుతున్నాము. వీటిలో వేసిన నూనెకు మాత్రం రాయండి.

కూరగాయల సంచిలోనే వచ్చినా గడ్డలు మాత్రం కూరగాయలు కావు, అన్నానికి తమ్ముళ్లు. ఆలుగడ్డలో 97, చామగడ్డలో 97, మొరంగడ్డలో 120. అన్నం పెట్టుకొని ఆలుగడ్డ వేపుడు కలుపుకుంటే అది అన్నంలో అన్నమే. ఆ రోజు అన్నం తగ్గించుకోవాలి.

ఇక బావ సీతాఫలాలు. నూరు గ్రాముల గుజ్జులో 104 కేలరీలు. తొక్క, గింజలు పోగా ఒక మోస్తరు కాయలో సుమారు నూరు గ్రాముల గుజ్జు వస్తుంది. ఐదు తింటే ఐదు వందల ఇరవై. నూటయాభై గ్రాముల బియ్యం వండుకున్నా అంతే. ఆయన మానిన అన్నం అంతకన్నా ఎక్కువేమీ కాదు! పైగా షుగరు ఉన్న మనిషికి అంత తీపి ఒక్కసారిగా లోపలికి పోవడం మంచిది కాదు. ఈ అంకె విని బావ కాసేపు మాట్లాడలేదు. తరువాత "గయితే చెట్టు కూడ మోసం చేస్తదా?" అన్నాడు.

చెట్టు మోసం చేయదు గాని పండ్లన్నీ ఒకటి కావు. నూరు గ్రాములకు పుచ్చకాయలో 16, బొప్పాయిలో 32, జామకాయలో 51, మామిడిపండులో 74, సపోటాలో 98, అరటిపండులో 116. జామకాయ, బొప్పాయి తినేవారికి లెక్క అక్కరలేదు. సపోటా, అరటి, సీతాఫలం, మామిడి తినేటప్పుడు కేలరీలు కాదు గాని కాయలు లెక్కబెట్టుకుంటే చాలు. రోజుకు ఒకటి. పెద్ద బంగినపల్లి అయితే సగం.

అమెరికాలో ఇదే చిక్కు పెద్ద ఎత్తున వచ్చింది. 1963లో మొదలైన వెయిట్ వాచర్స్ అనే సంస్థ తన సభ్యులకు ప్రతి తిండికీ ఇన్ని పాయింట్లని లెక్క ఇస్తుంది. పండ్లకూ పాయింట్లు ఉండేవి. ఒక అరటిపండూ ఒక చిన్న బిస్కెట్ పొట్లమూ లెక్కలో ఇంచుమించు సమానమైతే మనిషి చేయి దేనివైపు పోతుందో చెప్పనక్కరలేదు. 2010లో వారు తాజా పండ్లకు, చాలా కూరగాయలకు సున్నా వేశారు. అది తెలివైన పనే. అయితే ఆ సున్నా బిస్కెట్ మాని పండు తినమనడానికే గాని, బావలాగా గంప ఖాళీ చేయడానికి కాదు.

హార్వర్డు పరిశోధకులు 2015లో ప్రచురించిన ఒక పరిశీలనలో లక్షా ముప్పైమూడు వేల మందికి పైగా అమెరికా వారి తిండిని, బరువును ఇరవైనాలుగేళ్ల పాటు గమనించారు. పండ్లు, పిండి తక్కువ ఉన్న కూరగాయలు తినడం పెంచుకున్నవారి బరువు కొద్దిగా తగ్గుతూ వచ్చింది. ఆలుగడ్డ, మొక్కజొన్న, బఠానీ పెంచుకున్నవారు కొద్దిగా పెరిగారు. వారి వంట వేరు, మన వంట వేరు, నిజమే. అయినా గడ్డను కూర నుంచి విడదీయాలన్న మాట ఇక్కడికీ సరిపోతుంది.

పండును తినాలి గాని తాగకూడదు. పెన్సిల్వేనియాలో 2009లో ఒక పరీక్ష చేశారు. భోజనానికి ముందు అదే మనుషులకు ఒకసారి ఆపిల్ ముక్కలు, ఒకసారి ఆపిల్ ఉడికించి మెదిపిన గుజ్జు, ఒకసారి రసం ఇచ్చారు. కేలరీలు మూడింటిలో సమానమే. ముక్కలు నమిలి తిన్నప్పుడు ఆ పూట మొత్తం మీద, ముందుగా ఏమీ తిననప్పటి కంటే నూటికి పదిహేను వంతు తక్కువ కేలరీలతో సరిపెట్టుకున్నారు. రసం తాగినప్పుడు ఆ మేలు కలగలేదు. బత్తాయి రసం గ్లాసుకు మూడు కాయలు పిండి, పైన చక్కెర వేసి, పీచంతా చెత్తబుట్టలో పారవేసి "పండే కదా" అనడం మనల్ని మనమే మోసగించుకోవడం. ఖర్జూరాలు, కిస్‌మిస్‌లు కూడా నీరు పోయి చక్కెర మిగిలినవే. ఎండు ఖర్జూరంలో నూరు గ్రాములకు 317 కేలరీలు. వాటిని మిఠాయిలలో రాయండి.

దానియేలు సంగతి ఎవరైనా ఎత్తుతారని మాకు తెలుసు. పది దినాలు శాకధాన్యాలు, నీళ్లు పుచ్చుకొని వారు కళకళలాడారు. కాని హెబ్రీ మూలంలో ఆ మాటకు కండపట్టారనే అర్థం. సన్నబడడానికి దానియేలును సాక్ష్యంగా పిలవడం కుదరదు.

జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం రెండు వేల కేలరీల తిండిలో రోజుకు నాలుగు వందల గ్రాముల కూరగాయలు, నూరు గ్రాముల పండ్లు ఉండాలి. తిండిగింజలు రెండు వందల యాభై గ్రాములే. మన కంచాలలో ఈ కొలతలు తలకిందులై ఉన్నాయి. తగ్గించవలసింది ఎక్కడో వేరే చెప్పాలా? అయితే మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి పొటాషియం భయం ఉంటుంది. వారు పండ్లు, ఆకుకూరలు డాక్టరు చెప్పినంతే తినాలి. షుగరుకు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు అన్నం ఒక్కసారిగా తగ్గిస్తే చక్కెర పడిపోవచ్చు గనుక ముందుగా అడిగి చేయాలి. బావను మరుసటి వారమే పంపించాము.

అక్క పుస్తకంలో ఇప్పుడు మూడు గీతలే ఉన్నాయి. బియ్యం ఎన్ని గ్రాములు, నూనె ఎన్ని గ్రాములు, తీపి పండు ఉన్నదా లేదా. నూనె గంటె తీసివేసి చెంచా పెట్టింది. మొదటి వారం బావ కూర మీద చాలా సణిగాడట. డాక్టరుగారు ఇచ్చిన ఐరన్ మాత్రలు వాడుతూ తోటకూర మళ్లీ మొదలుపెట్టింది. జనవరిలో కలిసినప్పుడు మూడు కిలోలు తగ్గానని చెప్పింది. ఎనిమిదికి ఇంకా ఐదు ఉన్నాయి. మోకాలు మాత్రం మెట్ల దగ్గర ఇంకా పట్టేస్తూనే ఉంది.

మేము లేవబోతుంటే బావ జేబులో నుంచి ఒక పొట్లం తీశాడు. విప్పితే రేగుపండ్లు. "తమ్మీ, గీటికి ఎంతుంటది జెర చూసి చెప్పు" అన్నాడు. నూరు గ్రాములకు 74 అని చెప్పాము. పొట్లాన్ని చేతిలో ఒకసారి ఎగరేసి బరువు చూసుకొని, సగం మా ఆవిడ చేతిలో పోశాడు.