మోమో మన కుడుముకు చుట్టమే.. అసలు చూడాల్సింది చట్నీ డబ్బ

హన్మకొండల పొద్దుగూకినంక కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు ఉన్న ఏ గల్లీకి పోయినా ఒక బండి కనబడ్తది. సిల్వర్ గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటయి. సందులకెళ్లి ఆవిరి లేస్తది. పక్కన ఎర్ర చట్నీ డబ్బ, తెల్లటి మయోనైజ్ డబ్బ. అదే మోమోల బండి. ఊర్లకెళ్లి చదువుకోను వచ్చిన పిల్లలు దాని సుట్టే మూగుతరు. అండ్ల నేనొకన్ని. గని పరకాల దిక్కు మా ఊరికి పోయి ‘మోమోలు తిన్న’ అంటె నాకు రెండు మాటలు వినబడ్తయి. ‘గా చైనా తిండి మనకెందుకు బిడ్డా’ అనేది ఒకటి. ‘గవి తిని హైదరాబాద్‌ల ఆడమనిషి సచ్చిపోయింది, తెల్వదా’ అనేది రెండోది.

మొదటి మాటల సగమే నిజం. రెండో మాట నిజమే, గని అది ఎందుకు జరిగిందో ఆ మాటల లేదు. తినేటోళ్లకు ఈ రెండూ విడివిడిగ తెల్వాలె. దేన్ని చూసి భయపడాలెనో తెల్వకపోతె మంచిదాన్ని వదిలిపెట్టి చెడ్డదాన్ని కడుపుల వేసుకుంటం.

ఒక్క వంట కాదు, పెద్ద కుటుంబం

పిండిని పలుచగ ఒత్తి, లోపల కూరో మాంసమో పెట్టి, మూతి మలిచి, ఆవిరి మీద ఉడకబెట్టుడు. చైనోళ్లు ఇదే పని పదుల తీర్ల చేస్తరు. ఉత్తరం దిక్కు జియావోజి ఉంటది. నెలవంక లెక్క ఉంటది. కొత్త సంవత్సరం రాత్రి ఇంటిల్లిపాది కూసొని చేస్తరు. పాతకాలం వెండి కడ్డీ ఆకారంల ఉంటది కాబట్టి తింటె ఇంట్ల సిరి నిలుస్తదని నమ్మకం. ఒక్కదాంట్ల నాణెం దాస్తరు, అది ఎవరికొస్తె వాళ్లకు ఆ ఏడాది అదృష్టం. బావోజి అంటె పులిసిన పిండితోటి చేసే మెత్తటి బన్ను. షాంఘై దిక్కు షావోలొంగ్‌బావ్ అని ఒకటుంటది, దాన్ల పులుసే ఉంటది. పిండిల పులుసు ఎట్ల నిలుస్తది? మాంసం బొక్కలు ఉడికించిన నీళ్లను చల్లబెడ్తె జెల్లీ లెక్క గడ్డకడ్తది. ఆ ముక్కలను కూరల కలిపి లోపల పెడ్తరు. ఆవిరి తగలంగనే అది కరిగి పులుసైతది. అందుకే దాన్ని ఒక్కసారే నోట్ల వేసుకుంటె నాలుక కాల్తది. చెంచల పెట్టుకొని, అంచుకు చిన్నగ కొరికి, పులుసు జుర్రి, అటెంక తినాలె.

ఇది ఎంత పాతదంటె, చైనాకు వాయవ్యాన తుర్ఫాన్ దగ్గరి ఎడారి సమాధులల్ల టాంగ్ రాజుల కాలం నాటి డంప్లింగులు ఎండిపోయి, ఆకారం చెడకుంట దొరికినయి. కాకతీయులు ఓరుగల్లు కోట రాతిగోడ కట్టుడు కంటె నాలుగైదు వందల ఏండ్ల ముందటి ముచ్చట అది.

మన దాంక ఎట్లొచ్చింది?

హన్మకొండ బండి మీద ఉన్న మోమో నేరుగ చైనాకెళ్లి రాలేదు. అది టిబెట్, నేపాల్ తొవ్వల వచ్చింది. ఖాట్మండు లోయల ఉండే నేవారీ వ్యాపారులు వందల ఏండ్లు లాసాకు పోయి సరుకులు అమ్ముకునేటోళ్లు. ఆ రాకపోకలల్లనే మోమో రెండు దిక్కులా పాకిందంటరు. 1959ల దలైలామా, ఆయన ఎంబడి వేలమంది టిబెటన్లు మన దేశానికి వచ్చిన్రు. వాళ్లకు ప్రభుత్వం కర్ణాటకల కూడ జాగలిచ్చింది. మైసూరు అవతల బైలకుప్పె గసొంటిదే. కూర్గ్ టూర్ పోయే మనోళ్లు అక్కడి గోల్డెన్ టెంపుల్ కాడ ఆగకుంట పోరు. గుడి చూసి బయటికి రాంగనే టిబెటన్ హోటళ్లల్ల మోమో ప్లేట్లు కనబడ్తయి. నేను తిన్న వాటిల్ల అట్ల పలుచటి తోలుతోటి, నూనె వాసన లేకుంట ఉన్నయి శాన తక్కువ.

ఇంకో తొవ్వ కలకత్తాది. 18వ శతాబ్దం ఆఖరుల టాంగ్ అచ్యూ అనే చైనా వ్యాపారి హుగ్లీ నది ఒడ్డున చక్కెర మిల్లు పెట్టిండు. ఆయన పేరు మీదనే ఆ ఊరికి అచ్చీపూర్ అని పేరొచ్చింది. అటెంక వచ్చిన చైనోళ్లు టిరెట్టా బజార్ల, టాంగ్రాల స్థిరపడ్డరు. తోలు పని, వడ్ల పని, చెప్పుల పని చేసిన్రు. వాళ్లల్ల హక్కా జాతోళ్లు ఎక్కువ. మన బండి మీద ‘హక్కా నూడుల్స్’ అని రాసి ఉంటది సూడు, ఆ హక్కా గిదే.

దోస్తులతోటి కలకత్తా పోయినప్పుడు టిరెట్టా బజారుకు పొద్దుగాల ఆరింటికే పోయినం. రోడ్డు పక్కన స్టీలు, సిల్వర్ స్టీమర్లు పెట్టుకొని అమ్ముతున్రు. మూత తీస్తె ఆవిరి మొఖానికి కొడ్తది. బన్నులు, రొయ్యలయి, చేపలయి, కోడివి అన్నీ ఉన్నయి. పంది మాంసంయి కూడ ఉంటయి. అందుకే ఎక్కడికి పోయినా ‘లోపల ఏముంది?’ అని ముందు అడుగుడు మర్యాదే, సిగ్గుపడే పని కాదు. ఎనిమిది దాటినంక గిన్నెలు ఖాళీ అవుడు మొదలైతది. కాబట్టి పండుకొని లేట్‌గ పోతె ఉత్త చేతులే.

మా అమ్మ చేసే పనే

తిరిగి వచ్చినంక నాకు సమజైంది ఏందంటె, ఈ పని మనకు కొత్త కాదు. వినాయక చవితికి మా అమ్మ గంజుల నీళ్లు పోసి, లోపల గడ్డి పరిచి, దాని మీద తడిబట్ట వేసి కుడుములు పెడ్తది. బియ్యప్పిండి, శనగపప్పు, ఉప్పు. కొన్నిండ్లల్ల బెల్లం, కొబ్బరి పూర్ణం పెట్టి మూతి ఒత్తుతరు. లోపల ఏదో పెట్టి, మూసి, ఆవిరి మీద ఉడికిస్తె అది డంప్లింగే కదా.

పిండి తడుపుట్ల కూడ తెలివి ఒక్కటే. జొన్నరొట్టెకు ఉడుకు నీళ్లు పోసి పిండి పిసుకుతం, లేకపోతె రొట్టె పగుల్తది. ఎందుకంటె జొన్నపిండికి, బియ్యప్పిండికి గోధుమకున్న సాగే గుణం లేదు. ఉడుకు నీళ్లకు పిండి కొంత ఉడికి అతుక్కుంటది. చైనోళ్లు కూడ ఆవిరి మీద చేసే డంప్లింగులకు చాలసార్లు గోధుమపిండిని ఉడుకు నీళ్లతోటే తడుపుతరు, తోలు మెత్తగ ఉంటదని. నీళ్లల్ల ఉడికించేటియి అయితె సల్లనీళ్లతోటి, ఇచ్చుకపోకుంట గట్టిగ ఉండాలని.

మూత సంగతి కూడ చూడుర్రి. సిల్వర్ మూతకు ఆవిరి తగిలి నీటిబొట్లు అయి కింద పడ్తయి, పిండి జిగటైతది. చైనోళ్లు వెదురు బుట్ట, వెదురు మూత వాడుతరు. వెదురు తేమను పీల్చుకుంటది. మా అమ్మ మూతకు బట్ట చుడ్తది. ఇద్దరూ చదువుకొని నేర్చుకున్నది కాదు, చేసి చేసి నేర్చుకున్నదే.

అనుమానం ఎవరి మీద?

ఇగ ‘చైనా తిండి’ అనే మాట. 1962 యుద్ధం అప్పుడు మన దేశంల పుట్టి పెరిగిన చైనా సంతతోళ్లను దాదాపు 3,000 మందిని రాజస్థాన్ల దేవ్‌లీ క్యాంపుల పెట్టిన్రు. కొందరు ఏండ్ల తరబడి అండ్లనే ఉన్నరు. వాళ్లు చేసిన తప్పు మొఖం, పేరు. 2020 జూన్‌ల గల్వాన్ల 20 మంది సైనికులు అమరులైన్రు. మన సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్‌బాబు అండ్ల ఒకరు. ఆ దుఃఖం మనందరిది. గని అప్పుడే ఒక కేంద్ర మంత్రి చైనా తిండి బంద్ పెట్టాలె, అది అమ్మే హోటళ్లు బంద్ పెట్టాలె అన్నడు. అట్ల బంద్ పెడ్తె నష్టపోయేది ఎవరు? నూడుల్స్ బండి తోసేటోళ్లు మన పిల్లలే. మైదా మనదే, క్యాబేజీ మనదే, గ్యాస్ మనదే. బండి మీది పేరు ఒక్కటే బయటిది.

2024ల ఏమైంది?

2024 అక్టోబర్ ఆఖరుల హైదరాబాద్ బంజారాహిల్స్ దిక్కు ఒక బండి కాడ మోమోలు తిని ఒక మహిళ చనిపోయింది. పదుల మంది దవాఖానలకు పోయిన్రు. ఆ వ్యాపారానికి ఆహార భద్రత లైసెన్సు లేదని అధికారులు చెప్పిన్రు. అందరి అనుమానం మోమోతోటి ఇచ్చిన మయోనైజ్, చట్నీ మీదికి పోయింది. అక్టోబర్ 30న రాష్ట్ర ప్రభుత్వం పచ్చి కోడిగుడ్డుతోటి చేసే మయోనైజ్‌ను ఏడాది పాటు నిషేధించింది.

ఎందుకు మయోనైజ్? ఆవిరి 100 డిగ్రీలు ఉంటది. మోమో నడిమిట్ల వేడి 75 డిగ్రీలు దాటితె సాల్మొనెల్లా లాంటి క్రిములు బతకయి. మయోనైజ్ పొయ్యి మొఖమే చూడది. పచ్చి గుడ్డు, నూనె గిలకొట్టి చేస్తరు. గుడ్డుల క్రిమి ఉంటె అది బతికే ఉంటది. ఎండకాలం బండి మీద గంటల తరబడి పెడ్తె అది శాన పెరుగుతది. అంటె ఉడికిన మోమోను తీస్కపోయి ఉడకని దాంట్ల ముంచి తింటున్నం.

అట్లని ఆవిరి అన్నిటికి మందు కాదు. మాంసం పొద్దంత బయట పెడ్తె కొన్ని క్రిములు విషం విడుస్తయి. ఆ విషం మళ్లా ఉడకబెట్టినా పోదు. కాబట్టి తమ్ముండ్లు, చెల్లెండ్లు, బండి కాడ నిలబడ్డప్పుడు ఇవి చూసుకోవాలె.

ముందు ‘అన్నా, మూత తీయ్’ అనాలె. ఆవిరి దండిగ లేస్తున్న గిన్నెలకెళ్లే తీసుకోవాలె, పక్కకు తీసిపెట్టినయి వద్దు. ఒకటి విరిచి చూడాలె, నడిమిట్ల కూడ వేడిగ ఉండాలె, మాంసం ఎర్రగ ఉండొద్దు. వాసన తేడా కొడ్తె పైసలు పోయినా పడెయ్యాలె. మయోనైజ్ గుడ్డుదా, గుడ్డు లేనిదా అని అడగాలె. చెప్పకపోతె అది లేకుంటనే తినాలె. చట్నీ ఇయ్యాల చేసిందేనా, డబ్బకు మూత ఉందా అని చూడాలె. పైసలు పట్టిన చేతితోటే మోమో పెడ్తున్నడా చూడాలె. ఆహార భద్రత రిజిస్ట్రేషన్ కాయితం బండికి అతికించి ఉందా చూడాలె, దాని మీద 14 అంకెల నంబరు ఉంటది. ఇవి మోమోకే కాదు. మిర్చి బండి కాడ చట్నీకి, పానీపూరి నీళ్లకు, ఫంక్షన్ల మిగిలిన బిర్యానికి కూడ ఇవే ప్రశ్నలు.

తిన్నంక విరేచనాలు, జ్వరం, వాంతులు పట్టుకుంటె ‘గదే తగ్గుతది’ అని రూంల పండుకోవద్దు. హాస్టల్ పిల్లలు చేసే పెద్ద తప్పు ఇదే. ఓఆర్‌ఎస్ తాగుకుంట దవాఖానకు పోవాలె, ఎక్కడ తిన్నరో డాక్టరుకు చెప్పాలె. మీరు చెప్తేనే ఇంకో పదిమంది ఆ బండి కాడ తినకుంట ఆగుతరు.

అడిగినందుకు బండాయన కోపానికొస్తడని భయం వద్దు. మంచిగ చేసేటోనికి మూత తీసి చూపెట్టుడు గర్వం. పది మంది గిరాకి అట్ల అడిగితె మిగిలినోళ్లు కూడ మారుతరు. మన ఊరి పిల్లలల్ల బండి పెడ్దామనుకునేటోళ్లు కూడ ఉన్నరు. వాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. మయోనైజ్ పక్కకు పెట్టి, టమాట, ఎండుమిరపకాయ, ఎల్లిపాయ ఉడికించి నూరిన చట్నీ రోజుకు రోజు చేసి పెట్టుర్రి. ఊరోళ్ల నాలుకకు అదే నచ్చుతది, కడుపుకు కూడ అదే మంచిది.