పై దవడను ముందుకు లాగేదెలా?

కింది దవడ ముందుకొచ్చిన పిల్లవాణ్ణి చూసి "పెద్దయితే అదే సర్దుకుంటుందిలే" అంటారు ఇంట్లోవాళ్లు. చాలాసార్లు లోపం ఎదగని పై దవడది. దాన్ని పుర్రెతో కలిపే అతుకులు చిన్నతనంలో ఇంకా బిగుసుకోవు. నుదురు, గడ్డం ఆనుకునేలా ఫేస్‌మాస్క్ తొడిగి, పై పళ్లనుంచి దానికి రబ్బరు బ్యాండ్లు తగిలిస్తే, ఒక్కోవైపు సుమారు 400 గ్రాముల బలం ఆ అతుకుల్ని సాగదీస్తుంది. అక్కడ కొత్త ఎముక పుడుతుంది.

బీరువాను అడుగున పట్టి లాగితే వెనక్కి ఒరుగుతుంది కదా! దవడా అంతే: ముందుభాగం పైకి లేచి ముందుపళ్లు కలవవు. అందుకే కోరపళ్ల దగ్గర కొక్కెం పెట్టి, 30 డిగ్రీలు కిందికి వాల్చి లాగుతారు.

మాస్కుతో బడికి పోనని పిల్లవాడి పేచీ. సాయంత్రం నుంచి తెల్లారేదాకా, రోజుకు 12–14 గంటలు చాలు. పదేళ్లలోపు మొదలెడితే మేలు. ఎదుగుదల ఆగాక మిగిలేది ఆపరేషనే.