కూరలో పసుపు, సీసాలో పసుపు

పప్పులో వేసే చిటికెడు పసుపునీ, మందుల షాపులో సీసాల్లో అమ్మే కర్క్యుమిన్ మాత్రనీ జనం ఒకటే అనుకుంటున్నారు. ఒంట్లోకి వెళ్లాక రెండింటి దారీ వేరు, రెండింటితో వచ్చే ముప్పూ వేరు. మోకాళ్ల నొప్పులతో బాధపడే పెద్దవాళ్లు ‘పసుపే కదా, ఏం చేస్తుందిలే’ అంటూ డాక్టరుకు చెప్పకుండానే మాత్రలు మింగుతున్నారు. అసలు జాగ్రత్త పడాల్సిన వంటింటి పసుపు డబ్బా వైపు మాత్రం ఎవరూ చూడటం లేదు.

పసుపు పొడి బరువులో కర్క్యుమిన్ సుమారు 3 శాతం. పప్పు, కూర, పులుసు అన్నీ కలిపి ఒక మనిషి రోజుకు ఒకటి రెండు గ్రాముల పసుపు తిన్నాడనుకున్నా కర్క్యుమిన్ 30 నుంచి 60 మిల్లీగ్రాములే. మైసూరు సీఎఫ్‌టీఆర్‌ఐలో పరీక్షించి చూస్తే వండేటప్పుడు అందులోనూ పావు వంతు నుంచి సగం దాకా పోతోందని తేలింది. మిగిలినది నీళ్లలో కరగదు, పేగుల్లోంచి రక్తంలోకి సరిగా ఎక్కదు. ఎక్కిన కాస్తనీ కాలేయం వెంటనే మార్చేసి బయటికి పంపేస్తుంది. బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల వాళ్లు ఆరోగ్యంగా ఉన్నవారికి ఒకేసారి 2 గ్రాముల కర్క్యుమిన్ ఇచ్చి చూశారు. రక్తంలో అది కనపడీ కనపడనంతే ఉంది. దానికి మిరియాల్లో ఉండే పైపరిన్‌ను 20 మిల్లీగ్రాములు జోడిస్తే ఒంటికి అందిన కర్క్యుమిన్ 2000 శాతం పెరిగింది. 1998లో వచ్చిన ఈ ఫలితం తర్వాతి కాలంలో మాత్రల వ్యాపారానికి పెట్టుబడి అయింది.

మాత్రల వల్ల మేలు అసలే లేదనలేం. 2014లో థాయిలాండ్ వైద్యులు మోకాళ్లు అరిగిన 367 మందిలో కొందరికి రోజుకు 1500 మిల్లీగ్రాముల పసుపు సారం, మిగతావారికి 1200 మిల్లీగ్రాముల ఇబుప్రోఫెన్ నాలుగు వారాలు ఇచ్చారు. నొప్పి తగ్గడంలో రెండూ ఇంచుమించు సమానంగా నిలిచాయి. అయితే ఇది సారం ఇచ్చి చేసిన ప్రయోగం. కూరలో పసుపు వేసుకుంటే ఇంత గుణం కనిపిస్తుందని దీన్నిబట్టి చెప్పకూడదు.

మందులా పనిచేసేది మందులాగే హానీ చేయగలదు. అమెరికాలో పసుపు మాత్రల వల్ల కాలేయం దెబ్బతిన్న పదిమంది వివరాలను 2022లో వైద్యులు ప్రకటించారు. వారిలో ఒకరు చనిపోయారు. ఏడుగురిలో ఒకే రకం జన్యువు కనిపించింది. అది ఎవరిలో ఉందో మామూలుగా తెలిసే వీలు లేదు కాబట్టి, మాత్రలు వాడేవాళ్లు మూత్రం ముదురు రంగులోకి మారినా, కళ్లు పచ్చబడినా వెంటనే ఆపేసి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పిత్తాశయంలో రాళ్లున్నవారు, రక్తం పలచబడే మందులు వాడేవారు వీటి జోలికి పోకపోవడమే మేలు.

కూరలో పసుపుతో ఈ భయం లేదు. కిలో బరువుకు రోజుకు 3 మిల్లీగ్రాముల దాకా కర్క్యుమిన్ తినవచ్చని అంతర్జాతీయ నిపుణుల సంఘం చెప్పింది. అరవై కిలోల మనిషికి అది 180 మిల్లీగ్రాములు. మనం తినేది అందులో మూడో వంతు కూడా దాటదు.

వంటింటి పసుపుకున్న ముప్పు సీసం. దుంపల్ని తవ్వి, ఉడకబెట్టి, పది పదిహేను రోజులు కళ్లంలో ఎండబెట్టి, డ్రమ్ముల్లో వేసి తిప్పుతారు. పై పొట్టు రాలిపోయి కొమ్ము నునుపు తేలుతుంది. వానకు తడిసినా, సరిగా ఎండకపోయినా రంగు మాడిపోయి ధర పడిపోతుంది. ఆ లోపం కప్పడానికి కొన్నిచోట్ల పాలిష్ పట్టేటప్పుడే లెడ్ క్రోమేట్ అనే పసుపుపచ్చ రంగు చల్లుతారు. బంగ్లాదేశ్‌లో 1980లలో వరదలకు పసుపు సరిగా ఎండక ఈ అలవాటు మొదలైందని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2019లో బయటపెట్టారు. అక్కడి ప్రభుత్వం వెంటనే మార్కెట్ల మీద దాడులు చేసి జరిమానాలు వేసింది. 2019లో నూటికి 47 నమూనాల్లో కనిపించిన సీసం 2021 నాటికి ఒక్కదాంట్లోనూ లేదు. గట్టిగా పూనుకుంటే రెండేళ్లలో ఎంత పని జరుగుతుందో చూడండి. మన దేశంలో పట్నా నమూనాల్లోనూ సీసం మోతాదుకు మించి కనిపించింది. సీసం అన్నిటికన్నా పసిపిల్లల మెదడును దెబ్బతీస్తుంది. అన్నం మొదలుపెట్టిన పిల్లకు ముందుగా పెట్టే పప్పులోనూ పసుపు ఉంటుంది కదా, అందుకే ఇంత నొక్కి చెబుతున్నాను.

కళ్లు జిగేల్‌మనే పసుపు కొనకండి. గ్లాసు నీళ్లలో కొమ్ము వేస్తే మంచిదైతే రంగు దిగదు, రంగు పూసినదైతే వేసీ వేయగానే నీళ్లు పచ్చబడతాయి. పొడిని పక్కాగా తేల్చాలంటే మాత్రం ప్రయోగశాలకే పంపాలి. ఆహార భద్రతా చట్టం 40వ సెక్షన్ కింద, కొన్న సరుకును రుసుము కట్టి ఫుడ్ ఎనలిస్టు చేత పరీక్ష చేయించుకునే హక్కు ఎవరికైనా ఉంది. కల్తీ అని తేలితే ఆ రుసుము తిరిగి ఇచ్చేస్తారు.