పాల పళ్లే కదా అని వదిలేస్తున్నారా? కింద ఉన్న అసలు పన్నుకే ముప్పు!

'పాల పళ్లే కదా.. ఎలాగూ ఊడిపోతాయి'. పిల్లలకు పళ్లు పిప్పి పడితే చాలా ఇళ్లలో వినిపించే మాట ఇదే. లవంగం పెట్టి, నొప్పి సిరప్ పోసి పడుకోబెట్టేస్తారు. కానీ ముందు పళ్లు 6 నుంచి 8 ఏళ్లకే ఊడినా, వెనక దవడ పళ్లు 9 నుంచి 12 ఏళ్ల దాకా ఉండాలి. అంటే నాలుగేళ్ల పాపకు దవడ పన్ను పాడైతే, ఇంకా కనీసం ఐదేళ్లు దాంతోనే నమలాలి.

ఎందుకంత త్వరగా పాకుతుంది?

పాల పంటిపై ఎనామిల్ పొర శాశ్వత పంటితో పోలిస్తే దాదాపు సగం మందమే. లోపల నరాలు, రక్తనాళాలు ఉండే పల్ప్ మాత్రం పెద్దగా, పైభాగానికి దగ్గరగా ఉంటుంది. అందుకే బయటికి చిన్న గుంతలా కనిపించినా లోపల అప్పటికే పల్ప్ దాకా వెళ్లి ఉండొచ్చు.

దవడ పళ్ల వేర్లలో దారులు సన్నని రిబ్బన్‌లా, ఒకదానితో ఒకటి కలిసిపోయి ఉంటాయి. వేర్లు విడిపోయే చోట కూడా సన్నని రంధ్రాలుంటాయి. దీంతో చీము వేరు చివరికే కాదు, వేర్ల మధ్యలోకీ దిగుతుంది. సరిగ్గా అక్కడే కొత్త పన్ను తయారవుతుంటుంది. ఇన్‌ఫెక్షన్ దాన్ని తాకితే, వచ్చే శాశ్వత పన్ను మచ్చలతో, పెళుసు ఎనామిల్‌తో రావచ్చు.

నొప్పి తగ్గితే తగ్గినట్టేనా?

కాదు. పల్ప్ చచ్చిపోయినా నొప్పి ఆగిపోతుంది. చిగురుపై పొక్కు, పన్ను నల్లబడటం, కదలడం, రాత్రిళ్లు నొప్పితో లేవడం.. వీటిలో ఏది కనిపించినా డెంటిస్ట్‌కు చూపించాలి. జ్వరంతో పాటు ముఖం వాచినా, మింగడం కష్టమైనా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. సొంతంగా యాంటీబయాటిక్స్ వాడితే వాపు తగ్గినట్టు అనిపించినా, ఇన్‌ఫెక్షన్ మూలం పంటిలోనే ఉంటుంది.

ట్రీట్‌మెంట్ ఏంటి?

ఇన్‌ఫెక్షన్ పై భాగంలోనే ఉంటే అంతవరకే పల్ప్ తీసి మందు పెడతారు. వేర్లలోకి వెళితే పూర్తిగా శుభ్రం చేస్తారు. పాల పంటి వేర్లు సహజంగా కరిగిపోవాలి కాబట్టి, వాటితో పాటే కరిగే పేస్ట్ నింపుతారు. పైన చాలావరకు స్టీల్ క్యాప్ వేస్తారు. పన్ను తీసేయాల్సి వస్తే పక్క పళ్లు జరగకుండా స్పేస్ మెయింటెయినర్ అవసరం పడొచ్చు.

ఇంట్లో ఏం చేయాలి?

రాత్రి పాల సీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చొద్దు. మూడేళ్లలోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆ తర్వాత ఆరేళ్ల వరకు బఠాణీ గింజంత ఫ్లోరైడ్ పేస్ట్‌తో రోజూ రెండుసార్లు పెద్దలే తోమించాలి. తొలి పుట్టినరోజులోపు ఒకసారి డెంటల్ చెకప్ చేయించడం మంచిది.